సుగ్రా మొండి నెంబరు

సుగ్రా ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన మా రెండు కొట్లకూ మధ్య ఒక చెక్కగోడే అడ్డం. ఇటు నా కుట్టుమిషను, అటు ఆమె ఎస్టీడీ బూత్. నేను ఒక జాకెట్టుకు చేతులు అతికించేలోపు ఆమె లేచి గుమ్మంలోకి వచ్చి, రోడ్డు అటూ ఇటూ చూసి, లోపలికెళ్లి, ఫోను ఎత్తి పనిచేస్తోందో లేదో విని, మళ్లీ గుమ్మంలోకి వచ్చేది. కాలుగాలిన పిల్లి నయం. "ఒక్క క్షణం కూర్చోవే తల్లీ, నీ తిరుగుడు చూడలేక నా దారం తెగిపోతోంది" అని కసురుకునేదాన్ని. "కూర్చుంటే ఊపిరాడదక్కా" అనేది.

ఎందుకు ఊపిరాడదో మా జంక్షన్‌లో అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు ఇష్తియాక్ నలుగురిలో ఒక మాట పడి, లారీ ఎక్కి వెళ్లిపోయాడు. వాడికి ఆమె ఒక మాట చెప్పాలి. చెబుదామంటే వాడెక్కడున్నాడో తెలియదు. వాడు తనంతట తాను ఫోన్ చేయాలంటే, వాడికి తెలిసింది ఆ బూత్ ఫోన్ నెంబరొక్కటే.

అసలా గొడవ కూడా ఆ నెంబరు మీదే వచ్చింది. పొలం గట్టు మీద గొడవపడ్డవాళ్లను చూశాను, అమ్మ నగల మీద మాటలు మానేసినవాళ్లను చూశాను. ఒక నెంబరు విరుగుతుందా విరగదా అని కొట్టుకుని విడిపోయిన అక్కాతమ్ముళ్లను మాత్రం వీళ్లనే చూశాను.

వాళ్ల నాన్న ఖాజా మొహిద్దీన్ గారు లారీలకు నెంబర్లు రాసే పెయింటరు. కొత్త లారీ వచ్చిందంటే ముందు సుద్దముక్కతో అంకెలు గీసి, వాటి మధ్య ఎడం సరిచూసుకుని, ఆ తర్వాతే కుంచె ముట్టేవారు. సుద్ద గీత కనపడగానే పిల్లలిద్దరూ మొదలుపెట్టేవాళ్లు. వాళ్ల ఆట అది. ఆ నెంబరును విరగ్గొట్టాలి. అంటే, ఏ అంకెతో భాగిస్తే శేషం లేకుండా పోతుందో ముందు కనిపెట్టాలి. 8633 వచ్చిందనుకోండి. రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు, చూడ్డానికి ఇనపముక్కలా ఉంటుంది. ఎనభై తొమ్మిదితో కొడితే మాత్రం సరిగ్గా తొంభై ఏడుసార్లు పోతుంది. అది కనిపెట్టిన రోజు సుగ్రాకు జిలేబీ దొరికిందట. దేనితోనూ పోనిదాన్ని వాళ్లు 'మొండిది' అనేవాళ్లు. బళ్లో ప్రధాన సంఖ్య అంటారే, అదే. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ అయినా చదివింది తెలుగు బడి కాబట్టి లెక్కలు మాత్రం తెలుగులోనే. అందుకే వాళ్ల పోట్లాటలన్నీ నాకు అర్థమయ్యేవి. అది నా ఖర్మ.

లారీ ఓనర్లకేమో టోటల్ తొమ్మిది రావాలి. అంకెలన్నీ కూడితే తొమ్మిది రాకపోతే బండికి కలిసి రాదని వాళ్ల నమ్మకం. ఆ నెంబర్లంటే ఈ పిల్లలకు చిన్నచూపు. టోటల్ తొమ్మిదైతే అది తొమ్మిదితో పోయి తీరుతుంది, ఇంక ఆటేముంది? "నీ లారీ పుట్టుకతోనే విరిగిందన్నా" అని ఇష్తియాక్ ఒక ఓనరు మొహానే అనేశాడు. ఆ పెద్దమనిషి లుంగీ ఎగగట్టి పెట్రోలు బంకు దాకా వాణ్ణి తరిమాడు.

ఇంకో కిటుకు కూడా మొహిద్దీన్ గారే నేర్పారు. అన్ని అంకెలతోనూ భాగించి చావక్కర్లేదు, వంద లోపు ఉన్న మొండివాటితో చూస్తే చాలు, అవి ఇరవై అయిదే. వాటితో పోలేదంటే ఇంక దేనితోనూ పోదు. ఆ మాటకు వాళ్లింట్లో తిరుగులేదు.

తొంభై నాలుగులో సుగ్రాకు బూత్ వచ్చింది. నెంబరు 43931. పసుపు బోర్డు మీద ఆ అంకెలు మొహిద్దీన్ గారే రాశారు, ఎర్ర రంగుతో, ప్రతి అంకెకూ నల్లటి నీడ పెట్టి మరీ. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. సుగ్రా ఆ బోర్డును రోజూ కొంగుతో తుడిచేది.

ఇరవై అయిదింటితోనూ భాగించి చూసింది. దేనితోనూ పోలేదు. ఇంక ఆ సంబరం చూడాలి! "మన నెంబరు మొండిదక్కా, ఎవడూ విరగ్గొట్టలేడు" అని నాకు చెప్పింది. ఫోన్ చేసుకోవడానికి వచ్చిన డ్రైవర్లందరికీ చెప్పింది. ఆమె మొగుడు అష్ఫాక్‌ది రోడ్డుకు అవతల పంక్చర్ షాపు. "మొండిదానికి మొండిదే దొరికింది" అని అతను నవ్వాడు.

ఇష్తియాక్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లుంటాయి. ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. రాక కాదు. ఒక లెక్క పట్టుకుంటే అది తేలేదాకా రెండోదాని జోలికి పోడు, ఈలోపు గంట కొట్టేస్తారు. అలాంటివాడు ఒకరోజు, బూత్ నిండా జనం ఉన్న వేళ, చేతిలో సుద్దముక్కతో వచ్చి, "ఆపా, మన నెంబరు విరుగుతుంది" అన్నాడు. వాళ్లలో అక్కను ఆపా అంటారు.

"ఎలా విరుగుతుందిరా? తొంభై ఏడు దాకా చూశాను."

"తొంభై ఏడు దాకా చాలదు."

"నాన్న చాలన్నారు."

"నాన్న చెప్పింది వేరు ఆపా..." అని ఏదో చెప్పబోయాడు.

సుగ్రా చెప్పనిస్తేగా! నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఆయన రాసిన బోర్డు కిందే నిలబడి ఆయన మాట కాదంటాడా అని ఒళ్లు మండిపోయింది. "లెక్కల్లో రెండుసార్లు తప్పిన వెధవ్వి, నువ్వు నాన్న లెక్క దిద్దుతావా?" అనేసింది.

వరసలో ఉన్న డ్రైవర్లు గొల్లుమన్నారు. ఇష్తియాక్ సుద్దముక్కను కౌంటరు మీద పెట్టాడు. బయట నాగపూర్ లారీ ఒకటి బయల్దేరబోతుంటే క్లీనరు పక్క తలుపు తీసుకుని ఎక్కేశాడు. ఆకలేస్తే వాడే వస్తాడులే అనుకున్నాం. ఆ రాత్రి రాలేదు, ఆ నెల రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా!

మొదట్లో సుగ్రాకు కోపమే. "పోనీ, పొగరు తగ్గాక వస్తాడు" అంది. తర్వాత ఆ కోపం కాస్తా పురుగై తొలచడం మొదలుపెట్టింది. వాడు చెప్పబోయిందేమిటి? తొంభై ఏడు దాటాక ఏముంది? చూద్దామని నూటొకటితో మొదలుపెట్టింది. కస్టమర్ వస్తే ఆపడం, బిల్లు చింపి ఇవ్వడం, మళ్లీ నేల మీద సుద్దతో కూర్చోవడం. నూట మూడు, నూట ఏడు, నూట తొమ్మిది... ఇంట్లో అన్నం అడుగంటినా ఆమెకు వాసన తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం చెక్కగోడ మీద దబదబా బాదింది. ఏ కరెంటు షాకో కొట్టిందనుకుని కత్తెర పట్టుకునే పరిగెత్తాను. నేల మీద చతికిలబడి ఉంది.

"విరిగిందక్కా. నూట తొంభై ఏడుతో. నూట తొంభై ఏడును రెండువందల ఇరవై మూడుతో హెచ్చవేస్తే సరిగ్గా మన నెంబరు. శేషం లేదు."

"విరిగితే విరిగింది, దానికింత..."

"నాన్న చెప్పింది లారీలకక్కా! లారీకి నాలుగంకెలే కదా. రెండు ముక్కలూ వంద దాటాయనుకో, హెచ్చవేస్తే పదివేలు దాటిపోతుంది. అందుకని లారీకి వంద లోపు చూస్తే చాలు. ఫోన్‌కు అయిదంకెలు. దీనికి రెండువందలు దాటేదాకా చూడాలి. నాన్న తప్పు చెప్పలేదు, వాడూ తప్పు చెప్పలేదు. నేనే లారీ కొలతతో ఫోన్‌ను కొలిచాను."

కొలతల సంగతి నాకు చెప్పాలా! కూతురి కొలతతో తల్లి జాకెట్టు కత్తిరిస్తే ఏమవుతుందో నాకు తెలియదా! ఆ లెక్క ముక్క నా బుర్రకెక్కింది. వాడు నూట తొంభై ఏడు దాకా, అంటే దాదాపు చివరిదాకా, ఓపిగ్గా భాగించుకుంటూ వెళ్లి, అక్కకు చూపిద్దామని సుద్ద పట్టుకుని వచ్చాడు. వెధవ అనిపించుకుని పోయాడు.

"వాడితో 'నువ్వే కరెక్టురా' అనాలక్కా" అని సుగ్రా వెక్కివెక్కి ఏడ్చింది. "వాడు ఇంటికి రాకపోయినా సరే, నా మొహం చూడకపోయినా సరే. ఆ ఒక్క మాట వాడి చెవిన పడాలి."

అదిగో, ఆ రోజు నుంచీ కుదురు లేదు. నాగపూర్ బోర్డున్న ప్రతి లారీకీ ఎదురెళ్లేది. "ఇష్తియాక్ అని, ఎడమ కనుబొమ్మ మీద గాటుంటుంది, చూశారా అన్నా?" అని అడిగేది. కొందరు రాయపూర్‌లో చూశామన్నారు, ఒకడు బళ్లారిలో అన్నాడు. వాడు పెట్టి వెళ్లిన సుద్దముక్కను గల్లాపెట్టె పక్క అరలో ఉంచి, ఎవరినీ తాకనిచ్చేది కాదు. అప్పుడప్పుడూ ఫోన్ మోగేది. ఆమె హలో అనగానే అవతల పెట్టేసేవాళ్లు. "వాడేనక్కా" అనేది. "ఏ పనిలేని వెధవో! నీ గొంతు వినడానికి చేస్తుంటాడు" అనేదాన్ని నేను. అవును మరి, ఆశపడితే మళ్లీ నేనే ఓదార్చాలి కదా!

ఇంతలో అష్ఫాక్‌కు గన్నవరంలో, విమానాశ్రయం రోడ్డు మీద, మంచి షాపు దొరికింది. బూత్ కూడా అక్కడికే మార్చుకోవచ్చన్నాడు. మారితే నెంబరు మారుతుంది. సుగ్రా ససేమిరా అంది. అతను బతిమాలాడు, అలిగాడు, వాళ్ల అమ్మతో చెప్పించాడు. ఈమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి అతనే దిగొచ్చి, "సరే, నీ తమ్ముడొచ్చి వెళ్లమంటేనే వెళదాం" అని పంక్చర్లు వేసుకుంటూ ఉండిపోయాడు. అలాంటి మొగుణ్ణి నేనింకో చోట చూడలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాయి. బూత్‌లో ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. జిరాక్స్ మిషను పెట్టుకోవే అన్నాను. వినలేదు. ఆ పసుపు బోర్డు, ఆ ఫోను, ఆమె గుమ్మంలోకి రావడం, వెళ్లడం. చూసి చూసి నాకే పిచ్చెక్కేది.

రెండువేలు దాటాక, ఏ సంవత్సరమో నాకు సరిగ్గా గుర్తులేదు, లైన్‌మన్ వెంకటప్పయ్య సైకిలు దిగకుండానే కేకేశాడు. "సుగ్రమ్మా, ఒకటో తారీఖు నుంచి అందరి నెంబర్లకూ ముందు రెండు కలుస్తుంది. బోర్డు మార్చుకో."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "వద్దండీ. మాది మార్చకండి, బాబ్బాబు" అంది.

"నాదేముందమ్మా, దేశమంతా మారుస్తున్నారు. పాత నెంబరు తిప్పితే టేపు చెబుతుందిలే, ముందు రెండు కలపండీ అని."

"ఎన్నాళ్లు చెబుతుంది?"

"కొన్నాళ్లు చెబుతుంది. తర్వాత ఆపేస్తారు."

కొట్టు మారకుండా, ఊరు మారకుండా, ఇన్నేళ్లు మొగుడితో పోట్లాడి కాపాడుకున్న నెంబరు, కూర్చున్న చోటే మారిపోయింది. ఆ కొన్నాళ్లలో వాడు చేయకపోతే ఇంక ఎప్పటికీ దొరకడని సుగ్రాకు ఒకటే భయం. తిండి మానేసింది. పొద్దుట షట్టరు తీసింది మొదలు ఫోను పక్కనే నిలబడేది. చిత్రమేమిటంటే, గోడ మీద పోస్టరులో అంకె కనపడితే విరగ్గొట్టే మనిషి, ఈ కొత్త నెంబరును ముట్టుకోలేదు. "ఆ రెండును చూస్తే నాకు కడుపు మండుతుందక్కా" అంది. బోర్డు మీద కూడా రాయనివ్వలేదు.

నాకు చిర్రెత్తింది. నా గుడ్డలు గుర్తుపెట్టే సుద్ద తీసుకెళ్లి బోర్డు మీద మొహిద్దీన్ గారి అంకెల ముందు ఇంత రెండు గీసేశాను. ఆమె చెరిపేసింది. నేను మళ్లీ గీశాను. "వాడు ఇటుగా బస్సులో పోతూ చూశాడే అనుకో, కొత్త నెంబరు తెలియొద్దటే మొద్దూ?" అని అరిచాను. ఆ మాటకు చేయి ఆగింది. నా రెండు అలాగే ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, సుగ్రా అష్ఫాక్‌కు క్యారేజీ ఇవ్వడానికి రోడ్డు దాటింది. నేను కుడుతున్న ఎర్ర జాకెట్టు ముక్క చేతిలోనే ఉంది. బూత్‌లో ఫోన్ మోగింది. వెళ్లి ఎత్తాను.

"హలో" అన్నాను. పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"సుగ్రా ఆపా ఉందాండీ?"

గొంతు ముదిరింది గానీ ఆ సాగతీత నాకు తెలియదా!

"ఇష్తియాక్! ఒరేయ్, నేనురా, ఎలిజబెత్ అక్కని. పెట్టేయకు! నీకు దణ్ణం పెడతాను, పెట్టేయకురా నాయనా."

"ఆపా లేదా అక్కా? అయితే మళ్లీ..."

"మళ్లీ లేదు, గిళ్లీ లేదు! ఎక్కడ్నుంచిరా?"

"కంకిపాడు నుంచి. ఇక్కడ మిల్లులో బియ్యం లోడు ఎత్తుతున్నారు."

"కంకిపాడా! ఇంత దగ్గరకొచ్చి మొహం చూపించకుండా ఫోన్ చేస్తావట్రా, సిగ్గులేదూ?" అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను. ప్రభువా, నా నోటి దురుసుతనానికి వీడు మళ్లీ జారిపోతాడా? ఫోను వదిలి వెళ్లి ఆమెను పిలవలేను. పిలిచినా హైవే మీద లారీల మోతలో వినపడదు. తీగ సాగినంత మేర గుమ్మం వైపు జరిగి ఎర్ర జాకెట్టు గుడ్డను గార్డు జెండాలా ఊపడం మొదలుపెట్టాను. వీణ్ణి ఏదో ఒకటి మాట్లాడించాలి. ఏం మాట్లాడించాలి?

"ఒరేయ్, నాకో సందేహం. ఈ కొత్త నెంబరు విరుగుతుందా, విరగదా?" అన్నాను. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే నా నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

వాడు నవ్వాడు. "దానికోసమే చేశానక్కా" అన్నాడు. ఇంక మొదలుపెట్టాడు. మూడుతో ఎందుకు పోదో, ఏడుతో భాగిస్తే రెండెలా మిగులుతుందో, పదకొండు, పదమూడు... నేను "ఊ, ఊ" అంటూ గుడ్డ ఊపుతూనే ఉన్నాను. చివరికి అష్ఫాక్ చూశాడు. సుగ్రా భుజం తట్టి ఇటు చూపించాడు. ఆమె అటూ ఇటూ చూడకుండా హైవే మీదికి దూకేసింది. ఒక లారీ కీచుమని ఆగింది, డ్రైవరు బూతులు తిట్టాడు. ఆమె చెప్పులు రోడ్డు మధ్యే ఉండిపోయాయి.

ఫోను లాక్కుంది. నేను పక్కకు తప్పుకోలేదు. రిసీవరు వెనక చెవి ఆనించి నిలబడ్డాను. నిలబడనా మరి?

"నువ్వే కరెక్టురా" అంది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "నూట తొంభై ఏడు. నువ్వే కరెక్టు, నేనే తప్పు. ఆ రోజు నిన్ను అలా అనాల్సింది కాదురా."



"నువ్వు చూశావా?" అన్నాడు, మెల్లగా.

"నువ్వెళ్లాక చూశాను. అప్పట్నుంచీ ఈ మాట చెబుదామనే..."

"నేను చేసేవాణ్ణి ఆపా. నీ గొంతు వినగానే పెట్టేసేవాణ్ణి. నెంబరు ఉందిగా, ఎప్పుడైనా మాట్లాడొచ్చులే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. మొన్న చేస్తే నెంబరు మారిందని టేపు వచ్చింది. భయమేసింది ఆపా. ముందు రెండు పెట్టి భాగించి చూశాను. బండి ఆగిన చోటల్లా చూశాను. రెండు లక్షలు దాటింది కదా, నాలుగువందల తొంభై ఒకటి దాకా చూడాల్సొచ్చింది. దేనితోనూ పోలేదు. ఇప్పుడది మొండిదే. నీ మాటే నిలబడింది."

సుగ్రా తలెత్తి బోర్డు వంక చూసింది. వాళ్ల నాన్న ఎర్ర అంకెల ముందు, వంకరగా, నా సుద్ద రెండు. కళ్లనిండా నీళ్లు.

"నేను నమ్మను" అంది.

ఒసే పిశాచీ అని నడ్డి మీద ఒకటి చరిచాను. లెక్కచేయలేదు.

"ఫోన్లో చెబితే నేనెలా నమ్ముతాను? ఇక్కడికొచ్చి నా కళ్లముందు చెయ్యి. మూడు నుంచి మొదలుపెట్టి, నాలుగువందల తొంభై ఒకటి దాకా, ప్రతి భాగారం నేను చూడాలి. ఎన్ని రోజులు పట్టినా సరే."

అవతల మిల్లు ఆడుతూనే ఉంది. ఎవరో వాణ్ణి లోడు అయిపోయిందని పిలిచారు. వాడు ఫోను పెట్టలేదు.

"సుద్దముక్క ఉందా ఆపా?" అన్నాడు.

"నువ్వు పెట్టి వెళ్లిందే ఉంది. రా" అంది సుగ్రా.